కారు ఇంజనులో నీరు తగ్గుట: శోధన, మరమ్మతు

కళాశాల వార్షిక సంచికలో కవితలకును గజళ్లకును నడుమ కారు మరమ్మతును గూర్చిన వ్యాసమొకటి కనబడుట చూచి పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. అయినను గత వేసవిలో మా కళాశాల కారు మాకు నేర్పిన పాఠము భౌతికశాస్త్ర గ్రంథములోని రెండు మూడు అధ్యాయములకు సరిపోవుటచేతను, ఆ పాఠమునకు మూల్యమును మా డ్రైవరు తన ముంజేతి చర్మముతో చెల్లించుటచేతను, దానిని ఇచ్చట వ్రాయుట తగునని తలచితిమి. కార్యవర్గ సభ్యులకు దీనియందు వేరొక ఆసక్తియు కలుగవచ్చును. ఏలయన ఇంజను విప్పించుటకు అనుమతి కోరుచు మేము పంపిన అర్జీ ఇరువది దినములు వారి బల్లపై ఉండెను.

జరిగినది ఇది. మే మాసములో వక్తృత్వపు పోటీకి ముగ్గురు విద్యార్థులను వెంటబెట్టుకొని మేము హైదరాబాదునకు బయలుదేరితిమి. జడ్చర్ల సమీపించునప్పటికి వేడిమిని తెలుపు ముల్లు ఎఱ్ఱగీతను తాకెను. అందఱము చాచా యని పిలుచు మా డ్రైవరు కారును చెట్టు నీడకు చేర్చి, ముందు తలుపు ఎత్తి, ఐదు నిమిషములు ఆగి, రేడియేటరు మూతపై తడిగుడ్డ వేసి త్రిప్పెను. "ఇంకొంచెం ఆగుదాం చాచా" అని ఒక విద్యార్థి అనుచునే యుండెను. మూత చేతినుండి ఎగిరిపోయెను. మరుగునీటి ధార బారెడెత్తు లేచి ఆయన ముంజేతిపై పడెను. విద్యార్థులు తాము త్రాగుటకు తెచ్చుకొన్న నీటినంతయు ఆ చేతిపై పోసిరి. దాపుననున్న హోటలు కుళాయి క్రింద మఱి యిరువది నిమిషములు చేతినుంచిరి. ఒకరు పండ్లపొడి లేపనము పూయుడని సలహా చెప్పగా, అంత పని చేయకుండ ఆసుపత్రికి కొనిపోయిరి. అట్లు చేయుటచేతనే గాయము నెలలోపున మానినదని వైద్యులు తరువాత చెప్పిరి. కాలిన చోట చల్లని నీరు తప్ప పసుపుగాని, సిరాగాని, నూనెగాని వేయరాదు.

ఐదు నిమిషములు ఆగియు, తడిగుడ్డ వేసియు ఈ ప్రమాదము ఎందువలన జరిగినది? నీరు 100 డిగ్రీల వద్ద మరుగునని బాలశిక్ష నాటినుండి చదువుకొన్నాము. అది సముద్రమట్టమునందలి మాట. సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తుననున్న హైదరాబాదులో నీరు 98 డిగ్రీల వద్దనే మరుగును. ఒత్తిడి తగ్గిన మరుగు స్థానము తగ్గును, హెచ్చిన హెచ్చును. రేడియేటరు మూత వట్టి మూత కాదు. స్ప్రింగుతో కూడిన కవాటము. సాధారణముగా దానిపై 0.9 అను అంకె అచ్చువేసి యుండును. లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికంటె చదరపు సెంటీమీటరునకు 0.9 కిలోగ్రాము హెచ్చువఱకు అది నీటిని బంధించి యుంచును. ఆ ఒత్తిడిలో వట్టి నీరు సుమారు 118 డిగ్రీల వఱకు మరుగదు. ఇప్పుడు లోపల 115 డిగ్రీల నీరున్నదనుకొని మూత తీయుదము. ఒత్తిడి క్షణములో పోవును. నీరు తన యందున్న అదనపు వేడిమిని ఆవిరి రూపమున వదలుకొని నూటికి దిగివలెను. లెక్కవేసినచో లీటరు నీటిలో సుమారు 28 గ్రాములు తత్క్షణమే ఆవిరియగును. ఒక్కొక్క గ్రాము ఆవిరి ఒక లీటరున్నర పైబడిన స్థలము నాక్రమించును గనుక, ఒక్క లీటరు నీటినుండి 47 లీటర్ల ఆవిరి పుట్టును. అది తన ముందున్న మరుగునీటిని నెట్టుకొని బయటికి వచ్చుటకు దారి మూత యొక్కటియే. తడిగుడ్డ దీని నేమి ఆపగలదు? ఇంజను ఆపిన పిమ్మట అరగంటకు తక్కువ కాకుండ ఆగి, పై గొట్టమును చేతితో నొక్కినపుడు మెత్తగను, వేడి లేకయు ఉన్నప్పుడే మూతను తాకవలెను. చాచా కారు నడుపుట ముప్పది యేండ్లుగా ఎఱిగినవాడు. ఆయనకు లేనిది అనుభవము కాదు, ఈ చిన్న లెక్క మాత్రమే. ఆ లెక్కను ఏటేట పరీక్షలో వ్రాయించు మేమును ఆయన ప్రక్కనే నిలిచి చూచుచుంటిమి.

అసలు ఇంజనునకు నీరెందులకు? సిలిండరులో పెట్రోలు ఆవిరి మండునపుడు ఆ వాయువుల వేడిమి క్షణకాలము 2000 డిగ్రీలను మించును. అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. మండిన ఇంధనపు శక్తిలో దాదాపు మూడవ వంతు చక్రములను త్రిప్పును. మిగిలినదానిలో కొంత పొగగొట్టము గుండ పోవును, కొంత ఇంజను లోహములోనికి దిగును. లీటరు పెట్రోలు మండినపుడు ఈ విధముగా ఇంజను నీటికి చేరు వేడిమి, 30 డిగ్రీల నీటిని ముప్పది లీటర్ల వఱకు మరిగించుటకు చాలును. 1886లో కార్ల్ బెంజ్ తన మూడు చక్రముల బండికి పేటెంటు పొందినప్పుడు దీనికి వేఱు ఉపాయము లేక నీటిని మరిగి పోనిచ్చెను. పోయినంత మరల పోయుచుండవలసి వచ్చెడిది. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌నకు ఆ బండిలో పోయినపుడు, దారి పొడుగునను నీటికై ఆగుచు పోయెను. 1900లో విల్హెల్మ్ మైబాఖ్ తేనెపట్టు వంటి రేడియేటరును రూపొందించెను. అందు 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టములు 8,070 ఉండెను. వాటిలో గాలి, వాటి చుట్టు నీరు పోవుచుండెను. నీరు పోవుట మాని తిరుగుట నేర్చినది అప్పటినుండియే యనవచ్చును.

ఆ తిరుగుదారిని ఒకసారి కన్నులకు కట్టించుకొననిదే కారుటను కనుగొనుట కష్టము. రేడియేటరు అడుగునుండి క్రింది గొట్టము ద్వారా నీరు పంపునకు వచ్చును. పంపు దానిని ఇంజను దిమ్మెలోనికి, అచ్చటినుండి పైననున్న సిలిండరు హెడ్డులోనికి నెట్టును. పైన థర్మోస్టాట్ అను మైనపు గుళిక గల తలుపు కలదు. ఇంజను చల్లగా నున్నంతసేపు అది మూసియుండును. నీరు రేడియేటరునకు పోక, చిన్న పక్కగొట్టము ద్వారా మరల పంపునకే చేరును. 82 నుండి 88 డిగ్రీల నడుమ మైనము కరగి ఉబ్బి తలుపు తెఱచుకొనగా, నీరు పై గొట్టము ద్వారా రేడియేటరునకు పోయి చల్లబడి దిగును. మన ప్రాంతమున ఎండలు ఎక్కువ గనుక ఈ తలుపు అనవసరమని తీసి పాఱవేయు అలవాటు పలువురు డ్రైవర్లకు కలదు. ఇది మంచిది కాదు. చల్లని ఇంజను పెట్రోలు ఎక్కువ త్రాగును, త్వరగా అఱగును. ఆ చిన్న పక్కగొట్టమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. మా కథలో అది మరల వచ్చును.

మూతలో రెండవ కవాటము కూడ కలదు. వేడెక్కి వ్యాకోచించిన నీరు ప్రక్కనున్న ప్లాస్టిక్ సీసాలోనికి పోయి, ఇంజను చల్లారినపుడు ఈ రెండవ కవాటము గుండ వెనుకకు పీల్చబడును. మూత రబ్బరు ఎండి పగిలినచో పోయిన నీరు తిరిగి రాదు. సీసా పొంగి పొరలును. అప్పుడు కారుట యెచ్చటను లేకున్నను నీరు తగ్గుచుండును. కావున వెదకుట మూతతో మొదలు పెట్టవలెను. అది అన్నింటికంటె చౌక.

ఇంతవఱకు నీరు, నీరు అనుచున్నాము గాని, రేడియేటరులో ఉండవలసినది వట్టి నీరు కాదు. ఇథిలీన్ గ్లైకాల్ అను ద్రవమును, శుద్ధజలమును సగము సగము కలిపి, తుప్పు పట్టకుండ కొన్ని లవణములు చేర్చినదే కూలెంటు. ఈ గ్లైకాల్‌ను ఫ్రెంచి రసాయనవేత్త వుర్ట్జ్ 1856లో మొదట తయారుచేసెను. చలిదేశములలో దీనివలన నీరు గడ్డకట్టదు. సగపాలు మిశ్రమము సున్నకు దిగువ 37 డిగ్రీల వఱకు గడ్డకట్టదు. మనకు ఆ బాధ లేదు. మనకు దీనివలన లాభము వేఱు: మరుగు స్థానము హెచ్చును, మూత ఒత్తిడితో కలిసి 125 డిగ్రీలను దాటును, ఇనుము, అల్యూమినియము తుప్పు పట్టవు. వేడిని మోయుటలో మాత్రము వట్టి నీరే దీనికంటె మేలు. కావున చిక్కగా పోసిన కొలది మంచిదనుకొనుట పొరపాటు. మా కారులో చాచా ఏండ్ల తరబడి బోరు నీరు పోయుచుండెను. ఇంటిలో కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టించు ఆ నీరే ఇంజను లోపలను పెచ్చు కట్టించును. వేడి దాని గుండ పోలేదు.

కూలెంటు పచ్చగ, ఎఱ్ఱగ, నీలముగ ఉండును. రంగు కేవలము రంగే. ఏ రంగులో ఏ లవణమున్నదో నియమము లేదు. రెండు రకములు కలిపినచో ఒక్కొక్కప్పుడు గడ్డలు కట్టును గనుక కారు పుస్తకములో చెప్పినదే పోయవలెను. మఱియొక సంగతి గట్టిగా చెప్పవలసి యున్నది. గ్లైకాల్ తియ్యగా ఉండును, అది విషము. శరీరములో అది ఆక్సాలిక్ ఆమ్లముగా మారి, సూదులవంటి స్ఫటికములై మూత్రపిండములను పాడుచేయును. నేలపై కారిన దానిని కుక్కలు, పిల్లులు నాకి చనిపోవుట కద్దు. పసిబిడ్డలకు కొద్దియైనను ప్రమాదమే. దించిన కూలెంటును త్రాగునీటి సీసాలో పోసి ఉంచరాదు, వాకిట పాఱబోయరాదు. నేలపై మరక ఏమిటో తెలిసికొనుటకు నాలుకకు రాసికొని చూచువారిని మేము చూచితిమి. ఆ పని ఎన్నడును చేయరాదు. వాసనయు స్పర్శయు చాలును.

ఇక వెదకు విధానము. రాత్రి కారు క్రింద పాత వార్తాపత్రికలు పఱచి ఉదయమున చూడవలెను. నల్లగా, జిడ్డుగా ఉన్నచో ఇంజను నూనె. చక్రము దాపున జాఱుడుగా ఉన్నచో బ్రేకు ద్రవము. అది కూలెంటు కంటె ప్రమాదకరమైన వార్త, కారును కదల్పరాదు. ముందు సీటు క్రింద వాసన, రంగు లేని నీరున్నచో అది శీతలయంత్రపు నీరు. దానినిగూర్చి దిగులు పడనక్కఱలేదు. రంగుతో, తీపి వాసనతో, వ్రేళ్ల నడుమ నీటికంటె కొంచెము జాఱుగా ఉన్నదే కూలెంటు. ఇంజను చల్లగా ఉన్నపుడు దీపముతో గొట్టముల చివరలు, పట్టీలు, పంపు, రేడియేటరు అతుకులు చూడవలెను. తడి లేకున్నను నిరాశ పడరాదు. కారి ఆరినచోట తెల్లగనో పచ్చగనో ఉప్పు పొక్కినట్లు మచ్చ ఉండును. పంపు క్రింద చిన్న రంధ్రమొకటి కావలెననియే ఉంచబడినది. లోపలి సీలు పాడైనపుడు నీరు బేరింగులోనికి పోక దాని గుండ బయటపడును. అచ్చట చార కనబడినచో పంపు మార్చవలెనన్నమాట. రంధ్రమును మూయుట బుద్ధిహీనత. కారులోపల అద్దముపై జిడ్డు పొగ, కాళ్ల క్రింద తివాచీ తడి, తీపి వాసన ఉన్నచో లోపలి హీటరు కారుచున్నది. ఇనుప దిమ్మె ప్రక్కలనున్న గుండ్రని రేకు బిళ్లలు వట్టి నీరు పోసిన ఇంజనులలో లోపలినుండి తుప్పు తినును.

మా కారు విషయమున ఇవన్నియు చూచితిమి. పత్రికపై ఒక్క చుక్క లేదు, మచ్చ లేదు. అయినను రెండు దినముల కొకసారి పావు లీటరు తగ్గుచుండెను. పట్టణములోని ఒక కార్ఖానావారు చూచి, బయట కారనిది లోపల కారుచున్నది గనుక హెడ్ గ్యాస్కెట్ పోయినదనియు, ఇంజను విప్పవలెననియు చెప్పి పదునెనిమిది వేల రూపాయల అంచనా వ్రాసి యిచ్చిరి. ఆ తర్కము వినుటకు బాగుగనే ఉండెను. మేమును అర్జీ వ్రాసితిమి. దిమ్మెకును హెడ్డునకును నడుమ ఉండు ఆ పలుచని పొర వేడికి చెడుట నిజమే. ఇనుముకంటె అల్యూమినియము రెండింతలు వ్యాకోచించును. ఇంజను ఒకసారి మితిమీఱి కాగినచో హెడ్డు వంగును. జడ్చర్లలో మా ఇంజను కాగినదిగదా! అయితే నీరు తగ్గుట అంతకుముందే మొదలైనదని చాచా నోటుపుస్తకములో ఉండెను. నీరు పోసిన తేదీలన్నియు ఆయన ఉర్దూలో వ్రాసి ఉంచుకొనెను. ఆ పుస్తకమును కార్ఖానావారుగాని మేముగాని అంతవఱకు అడిగి చూడలేదు.

గ్యాస్కెట్ పోయిన ఇంజనునకు గుర్తులు గలవు. నూనె కొలచు కడ్డీపై పాలమీగడ వంటి నురుగు, పొగగొట్టమునుండి ఆగని తెల్లని ఆవిరి, విప్పి చూచిన ప్లగ్గుపై తడి, మూత తీసి చల్లని ఇంజనును నడిపినపుడు రేడియేటరులో ఎడతెగని బుడగలు. మా కారులో ఇవి లేవు. అప్పుడు రసాయనశాఖవారు తోడ్పడిరి. బ్రోమోథైమాల్ బ్లూ అను ద్రావణము నీలముగా ఉండును. బొగ్గుపులుసు గాలి తగిలినచో పసుపుగును. మొదట ఒక విద్యార్థి గొట్టముతో దానిలోనికి ఊదెను, నిమిషములో పసుపాయెను. ద్రావణము సరియైనదే యని తేలినది. పిమ్మట చల్లని ఇంజనును మూత తీసి నడిపించి, రేడియేటరు మట్టమును కొంచెము తగ్గించి, నీటిపైనున్న గాలిని రబ్బరు బుడ్డితో క్రొత్త ద్రావణము గుండ పీల్చితిమి. సిలిండరులో మండిన వాయువు నీటిలోనికి వచ్చుచున్నచో ఇది పసుపు కావలెను. పావుగంట గడిచినను నీలముగనే నిలిచెను. కార్యవర్గమునకు మేము రెండవ లేఖ వ్రాసినది ఆ సాయంకాలమే.

తరువాత పాతబస్తీలో రేడియేటర్ల పని చేయు ఒక ఉస్తాదు వద్దకు పోయితిమి. ఆయన మా అంచనా కాగితము చదివి, "జలుబు చేస్తే పొట్ట కోయించుకుంటారా సార్?" అనెను. మొదట మూతను తన పరికరమునకు తగిలించి చూచెను, అది 0.9 వఱకు నిలిచెను. పిమ్మట రేడియేటరును నిండుగ నింపి, మూత స్థానమున చేతిపంపు, ఒత్తిడి గడియారము గల సాధనమును బిగించెను. మూతపై ఉన్న అంకెవఱకే ఒత్తిడి ఎక్కింపవలెను. మించినచో బాగున్న గొట్టములును పగులును. ఇంజను చల్లగా ఉన్నందున ఈ పరీక్షలో కాలునన్న భయము లేదు. గడియారపు ముల్లు ఐదు నిమిషములలో 0.9 నుండి 0.6కు దిగెను. ఎక్కడనో కారుచున్నది. పది నిమిషములకు ఇంజను ముందరి మూతపై వెండ్రుకవంటి తడిచార కనబడెను. ఫాను వెనుకకు చేయి దూరదు. ఉస్తాదు పుల్లకు కట్టిన చిన్న గుండ్రని అద్దమును దూర్చి దీపము వేసి, "అదిగో, చూడండి" అనెను.

అదియే ఆ చిన్న పక్కగొట్టము. రెండంగుళముల పొడవు లేదు. దాని అడుగు ప్రక్కన, పైనుండి ఎంత చూచినను కనబడని చోట, గోటి గీఱువంటి పగులు. ఇంజను చల్లగానున్నపుడు ఒత్తిడి లేదు గనుక పగులు మూసికొనును. రాత్రి పత్రికపై చుక్క పడదు. నడచునపుడు తెఱచుకొని తుంపరలు చిమ్మును. ఫాను గాలి వాటిని కాలుచున్న దిమ్మెపైకి కొట్టగా అవి క్షణములో ఆవిరి యగును. వట్టి నీరు గనుక రంగు మచ్చయు మిగులదు. కూలెంటు పోసియున్నచో ఆ రంగే పగులును ఏనాడో పట్టియిచ్చియుండెడిది. ఇట్టి చోట్లకు మఱియొక ఉపాయము కలదు: కూలెంటులో మెఱయు రంగు కొంచెము కలిపి రెండు దినములు నడిపి, చీకటిలో అతినీలలోహిత దీపముతో చూచినచో కారిన దారి యంతయు పసుపుపచ్చగా వెలుగును.

మరమ్మతు కనుగొనుటకంటె సులభము. నీరు దించి, బెల్టును ఫానును తీసి, పాత గొట్టమును కోసి తీసివేసిరి. లాగి తీసినచో లోహపు మెడ విఱుగవచ్చునని ఉస్తాదు హెచ్చరించెను. మెడపై పేరుకొన్న తెల్లని పెచ్చును సన్నని గరుకు కాగితముతో తుడిచి, క్రొత్త గొట్టమునకు సబ్బునీరు రాచి ఎక్కించిరి. నూనెగాని గ్రీజుగాని రాయరాదు; రబ్బరు ఉబ్బి మెత్తబడును. పట్టీని గొట్టపు అంచునకు రెండు మూడు మిల్లీమీటర్లు లోపల, మెడపైనున్న గట్టునకు ఆవల బిగింపవలెను. గట్టుమీదనే బిగించినచో ఒత్తిడికి జాఱిపోవును. మితిమీఱి బిగించినచో పట్టీయే రబ్బరును కోయును. గొట్టము, రెండు పట్టీలు కలిపి వెల నూట డెబ్బది రూపాయలు. ఒకటి చెడిన వయసుననే తక్కినవియు ఉన్నవి గనుక పై గొట్టము, క్రింది గొట్టము కూడ మార్పించితిమి.

పిమ్మట లోపల మంచినీరు మూడుసారులు త్రిప్పి కడిగి, కూలెంటును శుద్ధజలమును సమముగా పోసితిమి. ఇచ్చట తొందరపడువారు చెడుదురు. లోపల గాలి నిలిచినచో ముల్లు మరల ఎఱ్ఱగీతకు పోవును. ఏటవాలు నేలపై కారు ముక్కు పైకి ఉండునట్లు నిలిపి, హీటరున్నచో దానిని తెఱచి, రేడియేటరు మూత తీసియే చల్లని ఇంజనును నెమ్మదిగా నడుపవలెను. పై గొట్టము వేడెక్కినచో థర్మోస్టాట్ తెఱచుకొన్నట్లు. బుడగలు వచ్చి మట్టము దిగును. ఆ మేరకు పోసి, బుడగలు ఆగిన పిదప మూత వేయవలెను. ఈ పని చేయునపుడు తువ్వాలు, దుపట్టా, వదులు చేతులు ఫాను దరికి రానీయరాదు. నేటి కార్లలోని విద్యుత్ ఫాను ఇంజను ఆగియున్నను తనంతట తిరుగ నారంభించును.

మా రేడియేటరులో కారుట లేకున్నను, ఉస్తాదు దుకాణములో ఆ పనిని చాలసేపు చూచితిమి. అంబాసిడర్ వంటి పాత కార్లకు రాగి, ఇత్తడి రేడియేటర్లుండెడివి. దానిని విప్పి, రంధ్రములు మూసి, నీటి తొట్టిలో ముంచి గాలి ఎక్కించినచో బుడగలు లేచినచోటే చిల్లి. అచ్చట శుభ్రము చేసి తగరము, సీసము కలిసిన టంకముతో అదుకుదురు. తెలుగున మనము బిందెకు మాటు వేయుట యందుము. ఉస్తాదు దానిని టాంకా యనును. దర్జీ వేయు కుట్టునకును ఉర్దూలో అదే మాట. ఇప్పటి కార్లకు అల్యూమినియపు జల్లెడ, ప్లాస్టిక్ తొట్లు. వాటికి ఈ మాటు అంటదు. ప్లాస్టిక్ పగిలినచో తొట్టినో మొత్తమునో మార్చవలసినదే. "నా పని సగం పోయింది సార్" అని ఉస్తాదు చెప్పెను. ఆ మాటను ఫిర్యాదువలె గాక లెక్క చెప్పినట్లు చెప్పెను.

దారిలో చిక్కుకొన్నవారికి ఒకటి రెండు మాటలు. ముల్లు ఎక్కుచున్నచో శీతలయంత్రమును ఆపి, కారును ప్రక్కకు తీసి ఇంజనును ఆపవలెను. కాగిన ఇంజనులో చల్లని నీరు పోయరాదు, లోహము పగులును. గొట్టము చివర పగిలినచో ఆ ముక్కను కోసి మరల తొడుగవచ్చును. నడుమ పగిలినచో తుడిచి, సైకిలు ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించి, మూతను సగము మాత్రమే త్రిప్పి ఒత్తిడి ఎక్కకుండ చూచుకొని, మెల్లగా సమీపపు ఊరు చేరవచ్చును. రేడియేటరులో పసుపు వేయుట మన లారీ డ్రైవర్ల పాత వైద్యము. అందులో నిజము లేకపోలేదు. పసుపు నలుసులు నీటితో పాటు చిల్లి వద్దకు పోయి, అచ్చట ఉబ్బి, చిక్కుకొని దానిని పూడ్చును. అయితే ఏది చిల్లియో, ఏది సన్నని గొట్టమో ఆ నలుసునకు తెలియదు. డబ్బాలలో అమ్ము పొడులకును ఇదే దోషము. ఊరు చేరిన వెంటనే కడిగింపవలెను.

మా కారు ఇప్పటికి ఎనిమిది నెలలు నడచినది. చాచా ప్రతి శుక్రవారము ఉదయమున, ఇంజను చల్లగా ఉన్నపుడు, సీసాపైనున్న గీతను చూచి నోటుపుస్తకములో వ్రాయుచున్నాడు; మట్టము దిగలేదు. పగిలిన పక్కగొట్టము భౌతికశాస్త్ర ప్రయోగశాలలో రెండవ అలమారలో, బ్రోమోథైమాల్ సీసా ప్రక్కన ఉంచబడినది. వ్రేలితో వంచినచో పగులు తెఱచుకొనుట కనబడును. చూడగోరు విద్యార్థులు ప్రయోగశాల సహాయకుని అడిగి చూడవచ్చును.